లోహాల్లో కదిలే డిస్‌లొకేషన్లు, వాటికి అడ్డుపడే స్ఫటిక లోపాలు: అధ్యయన చరిత్ర

లోహం శాశ్వతంగా వంగినా, సాగినా అందులోని పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారడం వల్లే. ఆ జారుడు పొర మొత్తంలో ఒక్కసారిగా జరగదు. పొరలో కొంత మేర జారిపోయి, మిగతాది ఇంకా కదలకుండా ఉన్నప్పుడు ఆ రెంటికీ మధ్య సరిహద్దుగా ఒక రేఖ ఉంటుంది. దాన్నే డిస్‌లొకేషన్ అంటారు. పరిచిన జంపఖానాను ఒక కొస పట్టి ఈడ్చడం కన్నా, దానిలో ముడత లేపి ఆ ముడతను అవతలి కొసకు నెట్టడం తేలిక. ఈ రేఖ కూడా ఒక్కో పరమాణు వరుసనే దాటుకుంటూ పోయి, పొరనంతా కొద్దిపాటి బలంతో జరిపేస్తుంది. దాని దారికి అడ్డొచ్చేవి చాలానే ఉంటాయి: పరాయి మూలకాల పరమాణువులు, పరమాణువు ఉండాల్సిన చోట మిగిలిన ఖాళీలు, లోపల పేరుకున్న సన్నని అవక్షేప కణాలు, వేరే పొరల మీదుగా వచ్చే ఇతర డిస్‌లొకేషన్లు, స్ఫటిక రేణువుల సరిహద్దులు, రేడియేషన్ మిగిల్చిన గాయాలు. వీటి దగ్గర రేఖ ఆగుతుందా, వంగి పక్కగా పోతుందా, అడ్డును కోసుకుంటూ పోతుందా అన్నదాన్ని బట్టే ఆ లోహం మెత్తనిదో గట్టిదో తేలుతుంది.

ఈ రేఖలు ఎంత దట్టంగా ఉంటాయో ఒక లెక్క చెబుతుంది. బాగా కాల్చి నెమ్మదిగా చల్లార్చిన లోహంలో చదరపు సెంటీమీటరు అడ్డుకోతకు పది లక్షల నుంచి పది కోట్ల దాకా ఉంటాయి. సుత్తి దెబ్బలు బాగా తిన్న లోహంలో ఆ సంఖ్య లక్ష కోట్లకు చేరుతుంది. అంటే ఘన సెంటీమీటరు లోహంలోని రేఖలన్నీ ఒకదాని కొసకు మరొకటి కలిపితే కోటి కిలోమీటర్ల పొడవు. చంద్రుడి దూరానికి ఇది పాతిక రెట్ల పైమాటే.

ఫలితం ముందు, కారణం తరవాత

కొట్టే కొద్దీ రాగి రేకు బిరుసెక్కుతుందనీ, మళ్లీ కాలిస్తే మెత్తబడుతుందనీ కంచర్లకు తరతరాలుగా తెలుసు. ఎందుకలా అన్న ప్రశ్నకు తొలి ఆధారం 1900 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో దొరికింది. జేమ్స్ యూయింగ్, వాల్టర్ రోజెన్‌హైన్ మెరుగుపెట్టిన లోహపు ముక్కను సాగదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఉపరితలం మీద సన్నని సమాంతర గీతలు కనిపించాయి. పొరలు జారిన చోట ఏర్పడిన మెట్లు అవి.

అడ్డంకుల కథ మాత్రం ఒక జర్మన్ ప్రయోగశాలలో, అనుకోకుండా మొదలైంది. బెర్లిన్ సమీపంలోని నోయ్‌బాబెల్స్‌బెర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ తూటాల గొట్టాలకు ఇత్తడి బదులు తేలికైన లోహం కోసం వెతుకుతున్నాడు. 1906లో 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని 500 డిగ్రీల దాకా వేడిచేసి నీళ్లలో ముంచాడు. ఉక్కయితే అలా చేసిన వెంటనే గట్టిపడుతుంది, ఇది పడలేదు. వారాంతం గడిచాక అదే ముక్కను మళ్లీ పరీక్షిస్తే ఎవరూ ముట్టుకోకుండానే గట్టిపడి ఉంది. పరికరం చెడిందేమోనని మొదట అనుమానించారట. డ్యూరాలుమిన్ పేరుతో ఆ మిశ్రమ లోహం జెప్పెలిన్ ఆకాశనౌకల చట్రాల్లోకి ఎక్కింది. అది ఎందుకు గట్టిపడుతోందో చెప్పగలవాడు మాత్రం అప్పటికి ఒక్కడూ లేడు.

1919లో అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పాల్ మెరికా బృందం ఒక వివరణ ఇచ్చింది. 548 డిగ్రీల దగ్గర అల్యూమినియం తనలో 5.6 శాతం దాకా రాగిని కరిగించుకోగలదు. గది ఉష్ణోగ్రతలో దాదాపు ఏమీ కరిగించుకోలేదు. హఠాత్తుగా చల్లారిస్తే రాగి లోపలే ఇరుక్కుపోతుంది. ఆ తరవాత తీరిగ్గా సన్నని కణాలుగా పేరుకుంటుంది, ఆ కణాలే జారుడును అడ్డుకుంటాయి. ఊహ సరైనదే గాని కణాలు ఏ సూక్ష్మదర్శినికీ అందలేదు. 1938లో ఫ్రాన్స్‌లో ఆండ్రే గినియే, బ్రిటన్‌లో జార్జ్ ప్రెస్టన్ ఎవరికి వారుగా ఎక్స్-కిరణాలతో వాటిని పట్టుకున్నారు. అవి ఒక పరమాణువు మందంతో, కొన్ని నానోమీటర్ల వెడల్పుతో ఉన్న రాగి బిళ్లలు. నేటికీ వాటిని గినియే-ప్రెస్టన్ మండలాలనే అంటారు.

ఇందులో ఒక కొసమెరుపు ఉంది. రైట్ సోదరుల 1903 నాటి విమానం ఇంజిన్ పెట్టెను 8 శాతం రాగి కలిసిన అల్యూమినియంతో పోతపోశారు. దాని ముక్కను 1994లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ మండలాలే కనిపించాయి. వాటిలో పెద్దవి అచ్చులో నెమ్మదిగా చల్లారేటప్పుడే ఏర్పడ్డాయి. అంటే ఈ విధంగా గట్టిపడిన లోహం విల్మ్ కనుక్కోవడానికి మూడేళ్ల ముందే గాల్లో ఎగిరింది.

1934

1926లో యాకొవ్ ఫ్రెంకెల్ ఒక చిన్న లెక్క వేశాడు. లోపం లేని స్ఫటికంలో ఒక పొరను మరో పొర మీద ఒక్కసారిగా జరపాలంటే ఆ లోహపు దృఢతా గుణకంలో సుమారు ఆరో వంతు ప్రతిబలం కావాలి. రాగికి అది 7,000 మెగాపాస్కళ్ల పైమాట. శుద్ధమైన రాగి ఏక స్ఫటికం ఒక మెగాపాస్కల్ దగ్గర్లోనే లొంగిపోతుంది. తేడా వేల రెట్లు. ప్రశ్న తలకిందులైంది. లోహాలు ఎందుకంత గట్టివి అని కాదు, ఎందుకింత మెత్తనివి అని అడగాల్సి వచ్చింది.

జవాబు 1934లో ముగ్గురి నుంచి వచ్చింది. హంగరీకి చెందిన ఈగాన్ ఒరోవాన్, మైకేల్ పొలాన్యీ జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలోనూ, కేంబ్రిడ్జిలోని జెఫ్రీ టేలర్ రాయల్ సొసైటీ పత్రికలోనూ డిస్‌లొకేషన్ భావనను లోహాలకు అన్వయించారు. గణితం కొంతవరకు సిద్ధంగానే ఉంది. ఇటలీలో వీటో వోల్టెర్రా 1907లోనే స్థితిస్థాపక వస్తువుల్లో ఇలాంటి చీలికలను లెక్కగట్టాడు. టేలర్ మరో అడుగు ముందుకేసి, డిస్‌లొకేషన్లు పెరిగే కొద్దీ ఒకదానికొకటి అడ్డుపడతాయనీ, అందుకే సాగదీసిన లోహం గట్టిపడుతుందనీ అన్నాడు. కావాల్సిన ప్రతిబలం డిస్‌లొకేషన్ సాంద్రత వర్గమూలానికి అనుపాతంలో ఉంటుందన్న సూత్రానికి మూలం అదే. అతని నమూనాలో లోపాలున్నాయి గాని ఆ వర్గమూలం మాత్రం ఇప్పటికీ నిలిచింది. 1939లో డచ్ శాస్త్రవేత్త యాన్ బర్గర్స్ స్క్రూ రకం (జారే దిశకు సమాంతరంగా ఉండే) డిస్‌లొకేషన్‌ను చేర్చి, ప్రతి రేఖా లోహాన్ని ఎంత దూరం, ఏ దిశలో జరుపుతుందో చెప్పే సదిశకు రూపమిచ్చాడు.

రేఖ చాలా తేలిగ్గా కదులుతుందని తేలగానే శ్రద్ధంతా దాన్ని ఆపేవాటి మీదికి మళ్లింది. 1940ల్లో నెవిల్ మాట్, ఫ్రాంక్ నబారో ఎత్తిచూపిన చిక్కు మొదటి చూపులో వింతగా అనిపిస్తుంది. పరాయి పరమాణువులు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉన్నప్పుడు కొన్ని రేఖను ముందుకు నెడితే, మరికొన్ని వెనక్కి లాగుతాయి. రేఖ కర్రలా బిగుసుకుని ఉంటే ఈ బలాలన్నీ పరస్పరం కొట్టివేసుకుంటాయి, ఆటంకమే మిగలదు. వంగగల రేఖనే అడ్డంకులు పట్టుకోగలవు. రేఖ ఎంత వంగుతుంది, ఎన్ని అడ్డంకులు దానికి తగులుతాయి అన్న ఈ లెక్క ఆ తరవాతి ఎనభై ఏళ్ల సిద్ధాంతాలన్నింటికీ వెన్నెముక.

కార్బన్ మబ్బు

మెత్తని ఉక్కును సాగదీస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ప్రతిబలం పెరిగి పెరిగి ఒక్కసారి పడిపోతుంది. ఆ తరవాత అదే తక్కువ ప్రతిబలం దగ్గర ఉక్కు పట్టీలు పట్టీలుగా సాగుతుంది. ఈ పట్టీలను 1842లో పియోబేర్, 1860లో ల్యూడర్స్ గమనించారు. వందేళ్ల దాకా కారణం తేలలేదు.

1949లో అలన్ కాట్రెల్, బ్రూస్ బిల్బీ ఇచ్చిన వివరణ ఈ రంగంలోని అందమైన ఆలోచనల్లో ఒకటి. అంచు రకం (జారే దిశకు లంబంగా ఉండే) డిస్‌లొకేషన్‌కు ఒక పక్క జాలకం (పరమాణువుల క్రమమైన అమరిక) నొక్కుకుని ఉంటుంది, మరో పక్క సాగి వదులుగా ఉంటుంది. ఇనుప పరమాణువుల సందుల్లో ఇరుక్కున్న కార్బన్, నైట్రోజన్ పరమాణువులకు ఆ వదులు భాగం సుఖంగా ఉంటుంది. అవి మెల్లగా అక్కడికి చేరి రేఖ చుట్టూ మబ్బులా కమ్ముకుంటాయి. రేఖ కదలాలంటే ఆ మబ్బును వదిలించుకోవాలి. అందుకే మొదట ఎక్కువ ప్రతిబలం. ఒకసారి తెంచుకున్నాక తక్కువ ప్రతిబలమే చాలు. ఇందుకు కావాల్సిన కార్బన్ ఎంతో తక్కువ. చదరపు సెంటీమీటరుకు పది కోట్ల రేఖలున్న లోహంలో ఒక్కో పరమాణు తలానికి ఒక్కో కార్బన్ చొప్పున లెక్క వేసినా, సుమారు రెండు కోట్ల ఇనుప పరమాణువులకు ఒక్క కార్బన్ చాలు. ఏ మామూలు ఉక్కులోనైనా అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది.

వారి సిద్ధాంతం మరొకటి కూడా జోస్యం చెప్పింది: సాగదీసి వదిలేసిన ఉక్కులో రేఖల దగ్గరికి చేరే కార్బన్ మోతాదు, గడిచిన కాలపు మూడింట రెండో ఘాతంతో పెరగాలి. 1951లో హార్పర్ చేసిన కొలతలు దాన్ని బలపరిచాయి. మబ్బును నేరుగా చూడడానికి మాత్రం యాభై ఏళ్లు పట్టింది. 1999లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో డిడియే బ్లావెట్ బృందం పరమాణు శోధినితో ఇనుము-అల్యూమినియం మిశ్రమంలో ఒక డిస్‌లొకేషన్ చుట్టూ చేరిన బోరాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కించి మూడు కొలతల్లో పటం గీసింది.

ఈ సిద్ధాంతం కర్మాగారంలో ఉపయోగపడిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. కారు తలుపు రేకును అచ్చులో నొక్కితే పైన చెప్పిన పట్టీలు వికారమైన మరకల్లా లేస్తాయి. అందుకని నొక్కడానికి ముందు రేకును రోలర్ల మధ్య ఒక శాతం దాకా సాగదీసి, రేఖలను మబ్బు నుంచి విడిపిస్తారు. కొన్ని ఉక్కుల్లో దీన్ని తిరగేసి వాడుకుంటారు: నొక్కేటప్పుడు మెత్తగా ఉన్న రేకు, రంగు ఆరబెట్టే కొలిమిలో 170 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉండేసరికి కార్బన్ మళ్లీ రేఖలను బిగించి గట్టి తలుపుగా మారుతుంది. ఉష్ణోగ్రతా వేగమూ ఒక పాళ్లలో కుదిరితే పరమాణువులు కదులుతున్న రేఖను కూడా వెంటాడి పట్టుకుంటాయి. రేఖ తెంచుకుంటుంది, మళ్లీ దొరుకుతుంది. అప్పుడు లోహం కుదుపులు కుదుపులుగా సాగుతుంది. అల్యూమినియం మిశ్రమాల్లో పోర్తెవాఁ, ల షాతెలియే 1923లోనే వర్ణించిన ఈ కుదుపులకు అర్థం కాట్రెల్ తరవాతే దొరికింది.

ఒరోవాన్ ఉచ్చులు

గట్టి కణం ఎదురైతే రేఖ దాన్ని కోయలేదు. మరెలా దాటుతుంది? అంతర్గత ప్రతిబలాల మీద లండన్‌లో జరిగిన సభ చర్చల్లో ఒరోవాన్ ఇచ్చిన జవాబు 1948లో అచ్చయింది. విడి పరిశోధన పత్రంగా కాక చర్చలో చేసిన వ్యాఖ్యగా వచ్చిన ఆ మాట, అదే సంపుటంలోని ఎన్నో పెద్ద పత్రాల కన్నా ఎక్కువ కాలం బతికింది.

రెండు కణాల మధ్య చిక్కిన రేఖ ప్రతిబలం పెరిగే కొద్దీ ముందుకు ఉబ్బుతుంది. ఉబ్బు అర్ధవృత్తం దాకా వస్తే ఇక దాన్ని ఆపేది లేదు; రెండు పక్కల నుంచి చేతులు కణాన్ని చుట్టి వెనక కలుసుకుంటాయి. రేఖ ముందుకు సాగిపోతుంది, కణం చుట్టూ ఒక ఉచ్చు మిగులుతుంది. ఇందుకు కావాల్సిన ప్రతిబలం, దృఢతా గుణకాన్ని రేఖ ఒక్క అడుగు దూరంతో గుణించి, కణాల మధ్య ఎడంతో భాగిస్తే వస్తుంది. అల్యూమినియం గుణకం 26 గిగాపాస్కళ్లు, అడుగు 0.286 నానోమీటర్లు. కణాల మధ్య ఎడం 50 నానోమీటర్లయితే సుమారు 150 మెగాపాస్కళ్లు కావాలి. 500 నానోమీటర్లయితే 15 చాలు. మిశ్రమ లోహాన్ని అవసరానికి మించి వేడిలో ఉంచితే ఎందుకు మెత్తబడుతుందో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. చిన్న కణాలు కరిగి పెద్దవాటిలో కలుస్తాయి, కణాల సంఖ్య తగ్గి ఎడం పెరుగుతుంది.

కణాలు మరీ చిన్నవైతే కథ వేరు. జాలకం వాటి గుండా తెగకుండా సాగుతుంది కాబట్టి రేఖ వాటిని కోసుకుపోతుంది. కణం పెరిగే కొద్దీ కోయడం కష్టమవుతుంది, చుట్టుకుపోవడం తేలికవుతుంది. ఈ రెండూ సమానమైన చోట లోహం బలం పతాక స్థాయికి చేరుతుంది. జెట్ ఇంజిన్లలో వాడే నికెల్ మిశ్రమాల్లో ఇంకో మెలిక ఉంది. వాటి కణాల్లో నికెల్, అల్యూమినియం పరమాణువులు వరుస తప్పకుండా అమరి ఉంటాయి. ఒక రేఖ కోస్తే ఆ అమరిక చెడుతుంది, వెనకే వచ్చే రెండో రేఖ దాన్ని మళ్లీ సరిచేస్తుంది. అందుకే అక్కడ డిస్‌లొకేషన్లు జంటలుగా నడుస్తాయి.

కణాలు క్రమం లేకుండా చెదిరి ఉన్నప్పుడు సగటు ఎడం అంటే ఏమిటన్నది చాలా కాలం కొరకరాని కొయ్యగా ఉండింది. ఫ్రాన్స్‌లో జాక్ ఫ్రీడెల్ 1956 ప్రాంతంలో ఒక జవాబు ఇచ్చాడు. పదేళ్ల తరవాత బ్రిటన్‌లోని హార్వెల్‌లో ఫోర్‌మన్, మేకిన్ కంప్యూటర్ సాయంతో వేలాది చుక్కల మధ్య ఒక రేఖను నడిపించి ఆ జవాబును పరీక్షించారు. బలహీనమైన అడ్డంకులకు ఫ్రీడెల్ లెక్క బాగానే సరిపోయింది. బలమైన వాటి విషయంలో రేఖ సగటును లెక్కచేయదు, పలచగా ఉన్న సందులు వెతుక్కుంటూ పోతుంది.

కంటికి కనిపించాక

1950ల మొదట్లో కూడా డిస్‌లొకేషన్‌ను కాగితం మీది కల్పనగా కొట్టిపారేసే లోహశాస్త్రజ్ఞులు తక్కువేమీ కాదు. లారెన్స్ బ్రాగ్, జాన్ నై 1947లో సబ్బు నీటి మీద సమాన పరిమాణం గల బుడగలను తెప్పలా పరిచి, వాటిని నొక్కుతూ డిస్‌లొకేషన్ల పరుగును చూపించారు. చూడముచ్చటగా ఉన్నా అవి బుడగలే గదా.

1956లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో పీటర్ హిర్ష్, రాబర్ట్ హార్న్, మైకేల్ వీలన్ కలిసి పలుచని అల్యూమినియం పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టారు. నల్లని సన్నని గీతలు కనిపించాయి. కిరణపుంజాన్ని తీవ్రం చేయగానే ఆ గీతలు సరిగ్గా జారుడు తలాల వెంబడి కదిలాయి. కదలిక చూశాక ఇక సందేహానికి తావు లేకపోయింది. అదే ఏడాది జెనీవాలో వాల్టర్ బోల్‌మన్ తుప్పుపట్టని ఉక్కులో వాటిని విడిగా చూశాడు. ఆ తరవాత కొన్నేళ్లలోనే కణాల చుట్టూ ఒరోవాన్ ఉచ్చులు, కోసుకుపోయిన కణాలు, సరిహద్దు దగ్గర బారులు తీరి ఆగిన రేఖలు అన్నీ ఫొటోల్లోకి ఎక్కాయి.

ఆ బారుల ఫలితాన్ని హాల్ 1951లో, పెచ్ 1953లో ముందే కొలిచారు: రేణువులు చిన్నవయ్యే కొద్దీ ఉక్కు బలం, వాటి వ్యాసపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. పది, ఇరవై నానోమీటర్లకు దిగాక మాత్రం ఈ సూత్రం పట్టుతప్పుతుంది. రేణువులో బారు తీరడానికే చోటుండదు, సరిహద్దులే జారడం మొదలెడతాయి.

డిస్‌లొకేషన్‌కు డిస్‌లొకేషనే అడ్డుపడే సంగతి అన్నింట్లోకీ మొండిది. రెండు రేఖలు కలిసి కదలలేని మూడో రేఖగా ముడిపడగలవని 1951లో లోమర్, మరుసటి ఏడాది కాట్రెల్ చూపారు. ముడులు ఎలా పడతాయో తెలుసు గాని లక్షల కోట్ల ముడుల మొత్తం ఫలితాన్ని మొదటి సూత్రాల నుంచి రాబట్టడం వేరే సంగతి. డిస్‌లొకేషన్ సిద్ధాంతం మొట్టమొదట పట్టుకున్న ఈ సమస్యే చిట్టచివర తేలేలా ఉందని కాట్రెల్ అభిప్రాయపడ్డాడు. ఆ మాట ఇంకా పాతబడలేదు.

రేడియేషన్ గాయాలు

అణు రియాక్టర్లు వచ్చాక కొత్త అడ్డంకులు పుట్టుకొచ్చాయి. న్యూట్రాన్ తాకిడికి పరమాణువులు చోటు తప్పి, ఖాళీలు, సందుల్లో ఇరుక్కున్న పరమాణువులు గుంపులు కడతాయి. బాగా వేడిచేసి హఠాత్తుగా చల్లార్చిన బంగారంలో ఖాళీలు చతుర్ముఖి ఆకారంలో పేరుకుంటాయని సిల్‌కాక్స్, హిర్ష్ 1959లో చూశారు. రేడియేషన్‌కు గురైన రాగిలోనూ ఇవే కనిపిస్తాయి. ఇక్కడ రేఖ అడ్డంకిని దాటడమే కాదు, తుడిచిపెట్టేస్తుంది కూడా. మొదటి రేఖ ఊడ్చిన దారిలో తరవాతి రేఖలు సులువుగా దూసుకుపోవడంతో జారుడంతా కొన్ని సన్నని కాలువల్లోకే పరిమితమవుతుంది. లోహం బయటికి గట్టిపడినట్టు కనిపించినా సాగే గుణం కోల్పోతుంది. రియాక్టరు పాత్రల ఉక్కులో మాలిన్యంగా మిగిలిన కొద్దిపాటి రాగి కూడా ఇలాగే నానోమీటరు కణాలుగా చేరి పెళుసుదనం తెస్తుంది. ఇనుము కన్నా మెత్తని ఆ రాగి కణాలు రేఖను ఎలా పట్టి ఉంచుతాయో 1972లో రస్సెల్, బ్రౌన్ వివరించారు: కణం లోపల రేఖ శక్తి తగ్గుతుంది, అందుకని బయటికి రావడానికి అది మొరాయిస్తుంది.

ఇందుకు విరుగుడుగా ఎంచుకున్నదీ మరో రకం అడ్డంకే. ఇట్రియం ఆక్సైడు కణాలను ఉక్కులో చల్లితే అవి వేడికి కరగవు, పెరగవు. పైగా అధిక ఉష్ణోగ్రతలో వాటి పైకి ఎగబాకిన రేఖను కూడా వెనక వైపు పట్టి వదలవని అర్ట్స్, రోస్లర్ 1990లో చూపారు. కల్పాక్కం పరిశోధన కేంద్రం చేపట్టిన వేగవంతమైన న్యూట్రాన్లతో పనిచేసే రియాక్టర్ల పరిశోధన కోసం ఇలాంటి ఉక్కు గొట్టాలను రూపొందించడంలో హైదరాబాద్‌లోని పొడి లోహశాస్త్ర పరిశోధన సంస్థ ఆర్కీ, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ పాలుపంచుకున్నాయి. అదే నగరంలోని ప్రభుత్వ లోహ సంస్థ మిధాని, ఇస్రో రాకెట్ల మోటారు పెట్టెలకు తయారుచేసే మారేజింగ్ ఉక్కు బలం కూడా నికెల్‌తో ఏర్పడే సన్నని అవక్షేపాలదే.

వేగం, చలి

ఇంతవరకు చెప్పినవన్నీ అడ్డంకి దగ్గర రేఖ ఆగి, అదను చూసి దాటే సందర్భాలు. అది వేగంగా వస్తుంటే? మామూలుగా జాలక కంపనాలూ ఎలక్ట్రాన్లూ దాని వేగాన్ని తగ్గిస్తాయి. 1968లో కోజిమా, సుజుకి సీసాన్నీ నయోబియాన్నీ అతిశీతలంలో సాగదీస్తూ ఒక వింత చూశారు. లోహం అతివాహకంగా మారిన క్షణంలో దాని బలం తగ్గింది. అయస్కాంత క్షేత్రంతో మామూలు స్థితికి తెస్తే మళ్లీ పెరిగింది. అడ్డంకులు మారలేదు, ఎలక్ట్రాన్ల ఘర్షణ మాత్రమే పోయింది. ఘర్షణ లేని రేఖ తన ఊపుతోనే అడ్డంకిని దాటిపోతుందని 1971లో గ్రనాటో వివరించాడు.

అందరూ పరాయివాళ్లే

ఇటీవలి దశాబ్దాల్లో పరమాణు స్థాయి కంప్యూటర్ నమూనాలు ఒక్కో ఎదురుపాటునూ పికో సెకన్ల లెక్కన చూపిస్తున్నాయి. అయితే వాటిలో రేఖ, నిజమైన ప్రయోగంలో కన్నా లక్షల రెట్ల వేగంతో పరిగెడుతుందన్నది గుర్తుంచుకోవాల్సిన పరిమితి.

2004లో బ్రిటన్‌లో బ్రయాన్ కాంటర్, తైవాన్‌లో జియెన్-వై యే బృందాలు అయిదారు మూలకాలను దాదాపు సమపాళ్లలో కలిపిన మిశ్రమాలను వెలుగులోకి తెచ్చాయి. క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్ట్, నికెల్ కలిసిన చోట ఏది అసలు లోహం, ఏది కలిపింది? ఇక్కడ ప్రతి పరమాణువూ అడ్డంకే. 2016లో వార్వెన్, లూకే, కర్టిన్ సగటు లోహం ఒకటి ఉన్నట్టు ఊహించి, ప్రతి పరమాణువునూ అందులో పరాయిదిగా లెక్కగట్టారు. అలా చూసినప్పుడు మాట్, నబారోలు లేవనెత్తిన చిక్కే మళ్లీ ఎదురవుతుంది: రేఖ వంగి, పరమాణువుల పంపిణీలో అనుకోకుండా ఏర్పడిన అనువైన తావుల్లో ఆగుతుంది. ముఖ కేంద్రిత (ఘనపు ముఖాల మధ్యలో పరమాణువులుండే) మిశ్రమాలకు ఈ లెక్క కొలతలతో చక్కగా కుదిరింది. అంతఃకేంద్రిత (ఘనం నడుమ పరమాణువుండే) మిశ్రమాల్లో అధిక ఉష్ణోగ్రత వద్ద బలాన్ని నిర్ణయించేది స్క్రూ రకమా, అంచు రకమా అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది.